ముక్క దొరికింది సరే, జబ్బు తేలిందా?

సంపాదకులకు,

ఊపిరితిత్తుల దగ్గర బిళ్లలు కట్టాయనో, మచ్చ కనిపించిందనో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విశాఖ వెళ్లి ఈబస్, క్రయో బయాప్సీ చేయించుకునేవాళ్లు తక్కువేం కాదు. రెండూ బ్రాంకోస్కోపీలే, అంటే శ్వాసనాళంలోకి గొట్టం (స్కోపు) దింపి చేసేవి. ఈబస్‌లో సూదితో కణాలు తీస్తారు, క్రయోలో ఊపిరితిత్తి ముక్కను గడ్డకట్టించి తీస్తారు. ‘తొంభై శాతం సక్సెస్’ అనే మాట వింటారు, సంతకం పెట్టేస్తారు. దేనిలో తొంభై శాతమో అడిగేవారుండరు.

ఈబస్‌లో గొట్టం కొసన ఉన్న చిన్న అల్ట్రాసౌండ్‌తో శ్వాసనాళం గోడ అవతలి లింఫ్ గ్రంథిని (బిళ్లను) చూస్తూ, 21 లేదా 22 గేజ్ సూదితో గుచ్చుతారు. స్లైడు మీద లింఫ్ కణాలు కనబడితే సూది గ్రంథిలోకి దిగినట్టే, శాంపిల్ సరిపోయినట్టే. జబ్బు తేలడం మాత్రం వేరే సంగతి. వందమందికి చేస్తే 95 మందిలో కణాలు వచ్చి, 70 మందికే జబ్బు పేరు తెలిసిందనుకుందాం. ఒక ఆసుపత్రి 95 అని చెప్పుకుంటుంది, ఇంకొకటి 70 అంటుంది. రెండూ అబద్ధం కాదు, కానీ పోల్చడానికి పనికిరావు. పైగా ‘క్యాన్సర్ కణాలు లేవు’ అన్న రిపోర్టు నిజమో కాదో ఆ రోజే తేలదు. ఆరు నెలల తర్వాత సీటీలో ఆ గ్రంథి తగ్గిందా, పెరిగిందా చూడాలి. అప్పటికి మనిషి పలాసలోనో చీపురుపల్లిలోనో ఉంటాడు. ఫోన్ చేసి కనుక్కుని రిజిస్టరులో రాసుకోని చోట చెప్పే శాతాలకు విలువ లేదు.

రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ (వాపు కణాల గుంపు) అని వస్తే మన దగ్గర టీబీ కావచ్చు, సార్కాయిడ్ (క్రిమి లేకుండానే గ్రంథులు ఉబ్బే జబ్బు) కావచ్చు. తేల్చుకోవాలంటే సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూడడం) కావాలి. తీసిందంతా ఫార్మలిన్ సీసాలో పడేస్తే క్రిములు చస్తాయి, ఇక కల్చర్‌కి దారి ఉండదు. మళ్లీ గొట్టం, మళ్లీ ఖర్చు. అక్కడికక్కడే స్లైడు చూసేవారు లేకపోతే ఒక్కో గ్రంథికి కనీసం మూడుసార్లు సూది వేయాలి, ఒక వంతు సెలైన్‌లో విడిగా పంపాలి. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో రాతిపొడి పీల్చినవాళ్లకు సిలికోసిస్‌తో కూడా గ్రంథులు ఉబ్బుతాయి, టీబీ ముప్పూ ఎక్కువే. చేసే పని ఏమిటో కేసు షీటులో రాయకపోతే ల్యాబుకు ఎలా తెలుస్తుంది?

భద్రత మాటకొస్తే, ఈబస్‌లో పెద్ద ఇబ్బందులు నూటికి ఒకటి చుట్టూనే. క్రయో బయాప్సీ అలాంటిది కాదు. గ్యాస్‌తో చల్లబడిన ప్రోబును 3 నుంచి 6 సెకన్లు ఉంచి, అంటుకున్న ముక్కతో పాటు స్కోపునీ కలిపి బయటికి లాగుతారు. ఆ కాసేపు లోపల రక్తం కారుతున్నా చూసే కన్ను ఉండదు. అందుకే రక్తాన్ని ఆపడానికి ముందే శ్వాసనాళంలో బెలూన్ అమర్చిపెట్టుకుని, లాగగానే ఉబ్బిస్తారు. గాలి లీకై ఊపిరితిత్తి ముడుచుకుపోవడం ఇంచుమించు పదిమందిలో ఒకరికి జరగొచ్చు. ఈ రెంటినీ కలిపి ‘బ్రాంకోస్కోపీ రిస్కు ఒక శాతం’ అనడం మోసమే. ఎక్స్‌రే బాగుంది కదా అని ఆ సాయంత్రమే బస్సెక్కకూడదు. లీకు ఆలస్యంగానూ బయటపడొచ్చు. ఆ రాత్రి విశాఖలోనే ఉండాలి.

మనవాళ్లు చేసే పొరపాట్లూ ఉన్నాయి. చోడంబలి (రాగి అంబలి) ‘నీళ్లే కదా’ అని తాగి వస్తారు. అది అన్నంతో సమానం, ఆరు గంటల ముందే ఆపాలి. మంచినీళ్లైతే రెండు గంటల ముందు వరకు ఫరవాలేదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు వాడే, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ కొన్నిసార్లు కొలెస్ట్రాల్ మందుతో కలిపిన క్యాప్సూల్‌లో దాగి ఉంటుంది. బయాప్సీకి 5 నుంచి 7 రోజుల ముందు ఆపమనేది దాన్నే. గుండె డాక్టరును అడక్కుండా సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

స్కోపు కడగడం గురించి ఎవరూ మాట్లాడరు. క్రిమిసంహారక మందులో నానబెట్టాక ఆఖర్న కుళాయి నీళ్లతో తొలిపితే, ఆ నీటిలోని మైకోబాక్టీరియా (టీబీ క్రిమి జాతివి) తర్వాతి రోగి శాంపిల్‌లో చేరి లేని టీబీని చూపిస్తాయి. స్టెరైల్ నీళ్లే వాడాలి.

ప్రభుత్వ ఆసుపత్రులైనా ప్రైవేటువైనా ఏ గ్రంథి, ఎన్నిసార్లు సూది, ఏం తేలింది, ఏ ఇబ్బంది వచ్చింది, ఆరు నెలలకు ఏమైంది అన్న అయిదు గడులతో రిజిస్టరు పెట్టి, ఏటా ఓపీ గోడకు అతికించాలి. అంగీకార పత్రంలో ‘బ్రాంకోస్కోపీ’ అని వదిలేయకుండా చేసేది ఈబసో క్రయోనో తెలుగులో రాయాలి.

– బ్రాంకోస్కోపీ విభాగం సిబ్బంది, శ్రీకాకుళం