నాలుగు తీగవాద్యాలకు ఇంత హోరు ఎందుకు?
నాలుగు తీగవాద్యాల కచేరీకి ఊరేగింపు స్థాయిలో లౌడ్‌స్పీకర్లు పెట్టే అలవాటును నిర్వాహకులు మానుకోవాలి. ఇటీవల మా నగరంలో ఒక బృందం అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ మూడవ స్ట్రింగ్ క్వార్టెట్‌ను, అంటే నాలుగు తీగవాద్యాల కోసం రాసిన రచనను, వాయించింది. 1985లో పాల్ ష్రేడర్ తీసిన ‘మిషిమా’ చిత్రానికి తానే సమకూర్చిన సంగీతం నుంచి గ్లాస్ తీర్చిన రచన ఇది. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, మంద్రంగా పలికే ఒక పెద్ద సెల్లో, ఆరు భాగాలు. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టదు. చిన్న స్వరగుచ్ఛం మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉండగా ఎక్కడో ఒక్క స్వరం మారుతుంది. ఆ మార్పు చెవిన పడకపోతే ఇందులో వినడానికి ఏమీ మిగలదు. మూడో వరుసలో కూర్చున్న నాకు సెల్లో హోరు తప్ప మరొకటి అందలేదు. పైగా, ఇలాంటి కచేరీల్లో రచన మొత్తం ముగిశాకే కొట్టే చప్పట్లు ఇక్కడ ప్రతి భాగం చివరా! శ్రోతలను తప్పుపట్టను. మెచ్చిన చోట వెంటనే శభాష్ అనడం మన సభల్లో మర్యాదే, రచన ఎక్కడ ముగుస్తుందో వారికి ఎవరూ చెప్పనూ లేదు. రెండు మూడు వందల మంది పట్టే హాలు చూసుకుని, మైకులు తీసేసి, ఆరు భాగాల వివరాలతో తెలుగులో ఒక కాగితం అచ్చువేసి తలుపు దగ్గర పంచితే చాలు. దాని ఖర్చు ఆ రోజు అతిథులకు కప్పిన శాలువాల ఖర్చులో సగం కూడా ఉండదు.