కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, దసరా అన్నీ జరిగాయి. ఫోటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి కనుక మళ్ళీ వివరించను. వేపపువ్వు ఇండియా నుంచి మోసుకొచ్చిన వదినగారికి, ప్రతిసారీ చివరిదాకా ఉండి హాలు ఊడ్చిన ముగ్గురు తమ్ముళ్ళకి, పులిహోర బృందానికి కృతజ్ఞతలు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది మార్చిలో ఉత్తర ఫ్రాన్స్‌లోని న్యూవ్-షాపెల్ ఊరికి ప్రయాణం. లీల్ నగరం నుంచి బస్సులో గంట కూడా పట్టలేదు. పేరుకి అర్థం ‘కొత్త ప్రార్థనా మందిరం’. రెండు వేల జనాభా కూడా లేని ఊరు. చుట్టూ బల్లపరుపు పొలాలు, తూర్పున ఓబేర్ మిట్ట. మిట్ట అంటే కొండ అనుకునేరు, బస్సు దిగి చూపిస్తే తప్ప తెలియలేదు! మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కాస్త ఎత్తు కోసమే 1915 మార్చి 10న ఇక్కడ పోరు మొదలైంది. అక్కడ కొంచెం తవ్వినా నీళ్ళు ఊరతాయి. అందుకే సైనికులు చాలాచోట్ల కందకాలకు బదులు నేల మీదే మట్టి బస్తాల గోడలు కట్టుకున్నారు. “మా లంకల్లోనూ అంతేనండీ” అన్నారు కోనసీమ మావయ్యగారు.

ఉదయం 35 నిమిషాలు ఫిరంగులు మోగాక బ్రిటిష్, భారత దళాలు జర్మన్ల నుంచి ఊరిని పట్టుకున్నాయి. మిట్ట మాత్రం దక్కలేదు. 13 నాటికి దాడి ఆగిపోయింది. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి భారతీయులే 4 వేలకు పైగా. మొదటి రోజే చనిపోయిన గఢ్వాల్ సైనికుడు గబర్ సింగ్ నేగికి తర్వాత బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. యుద్ధం ముగిసేసరికి ఊరు నేలమట్టం. ఇప్పుడున్న ఇళ్ళు ఆ తర్వాత కట్టుకున్నవే.

ఊరి బయట కూడలి దగ్గర భారత స్మారకం ఉంది. 1927లో ప్రారంభించారు. అశోక స్తంభాన్ని గుర్తుచేసే 15 మీటర్ల స్తంభం, పైన తామర, కింద ఇటూ అటూ రెండు రాతి పులులు. గుండ్రటి గోడ మీద, ఈ ఒక్క పోరులోనే కాదు, ఆ యుద్ధమంతటిలో ఫ్రాన్స్, బెల్జియంలలో చనిపోయి సమాధి ఎక్కడో తెలియని 4,700 మందికి పైగా భారత దళాలవాళ్ళ పేర్లు. మన పిల్లలు రావులు, రెడ్లు, నాయుళ్ళ కోసం వెతికారు. కనిపించినవి సింగ్‌లు, ఖాన్‌లు, గురుంగ్‌లు. అప్పటి సైన్యం ‘పోరాట జాతులు’ అనే లెక్కతో ఎక్కువగా ఉత్తరాది నుంచీ, నేపాల్ నుంచీ తీసుకునేదని చెప్పాం. ఒక పాప మాత్రం ఒప్పుకోలేదు, గోడ చివరిదాకా చదువుతూనే ఉంది. రోడ్డుకి అటువైపు పోర్చుగీసు సైనికుల శ్మశానం కూడా చూశాం. 1918 ఏప్రిల్‌లో అక్కడి పోరులో వాళ్ళకూ ఘోరమైన దెబ్బ తగిలింది.

ఇక చెప్పక తప్పని మాట. వాట్సాప్‌లో బొటనవేళ్ళు చూసి పెద్ద బస్సు మాట్లాడాం. తీరా చూస్తే సగం సీట్లు ఖాళీ. అన్నం డబ్బాలు మోయడానికి పేరిచ్చినవాళ్ళలో ఒక్కరూ రాలేదు, నాకూ మా ఆవిడకీ భుజాలు పడిపోయాయి. పుష్పగుచ్ఛం గురించి ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాస్తే జవాబే లేదు. చివరికి చామంతులు కొనుక్కుని మేమే పెట్టాం.

జమాఖర్చుల కాగితం కోశాధికారిగారి దగ్గర ఉంది. బస్సు వల్ల కొద్దిగా లోటు వచ్చింది, దసరా చందాలతో సరిపోయింది. వచ్చే మార్చిలో మళ్ళీ వెళ్దామని కార్యవర్గం నిర్ణయం. ఈసారి డబ్బు కట్టినవాళ్ళకే సీటు.

మీ
కార్యదర్శి