మా చిన్నోడి కడుపునొప్పిని నమ్మినవాళ్ళకి

అందరికీ నమస్కారం. పోయిన సెప్టెంబరులో మా బాబు కడుపునొప్పి గురించి ఏడుస్తూ మీ అందరినీ సాయం అడిగిన పలాస అమ్మాయిని నేనే. తర్వాత ఏమైందని చాలామంది అడిగారు. వాడికి చివరిసారి నొప్పి వచ్చి నిన్నటికి ఆరు నెలలైంది. ఆరు నెలలు దాటాకే రాద్దామని ఆగాను. దిష్టి భయం, నవ్వకండి.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఆడుకుంటూ ఆడుకుంటూ బొడ్డు దగ్గర చెయ్యి పెట్టుకుని ముడుచుకుపోయేవాడు. ముఖం పాలిపోయేది, వాంతి అయ్యేది. ఐదు నిమిషాల్లో అంతా సర్దుకునేది. ఆ తర్వాత పడుకుంటే గంట, గంటన్నర లేచేవాడు కాదు. లేచి ఏమీ జరగనట్టు "అన్నం పెట్టమ్మా" అనేవాడు. నెలకి రెండు మూడుసార్లు ఇదే వరస.

మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. ఇక్కడ ఎవరికి ఏం వచ్చినా ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీల రక్తపరీక్ష చేయిస్తాం. కిడ్నీలు బాగున్నాయని రిపోర్టు వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టాను, ఇంక గండం గడిచిందని. తర్వాత నులిపురుగుల మందు, గ్యాస్ సిరప్. బొడ్డు జారిందని ఒకావిడ నూనె రాసి పొట్ట తోమింది. స్కానింగులో పేగుల దగ్గర చిన్న గడ్డలున్నాయంటే టీబీయేమోనని రెండు వారాలు టెన్షన్. పిల్లల్లో అవి మామూలుగా కనిపిస్తూనే ఉంటాయని తర్వాత తెలిసింది. ఒకచోటైతే అపెండిక్స్ తీసేద్దాం, అడ్వాన్సు కట్టమన్నారు. నేను జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. అడ్వాన్సు కోసం మా షావుకారు గారి దగ్గరికి వెళ్తే, "పిల్లాడు బయట గెంతుతున్నాడు కదమ్మా, ఇంకొకరికి చూపించాకే కోయించు" అని రెండు నెలల జీతం చేతిలో పెట్టారు. మొదటి దండం ఆయనకి.

రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తుంటే ధైర్యం రావాలి కదా. మాకు అనుమానం వచ్చింది. ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడే వస్తోందని మా ఇంట్లోనే అన్నారు. ఒకరోజు నేనూ అదే నమ్మి వాడి వీపు మీద ఒకటి వేశాను. వాడు ఏడవలేదు. నా వైపే తిరిగి ఉన్నాడు గానీ నన్ను చూడటం లేదు. ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు.

అర్థం చేసుకుంది వాళ్ళ టీచరమ్మ. నాటకమని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. హాజరు పట్టీ పక్కన ఒక రూళ్ళ పుస్తకం పెట్టుకుని, వాడికి నొప్పి వచ్చినప్పుడల్లా గడియారం చూసి రాశారు. ఒకటి ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను: "11.20. లెక్కల పీరియడ్ కాదు, డ్రాయింగ్. కడుపు పట్టుకున్నాడు. పేరు పెట్టి మూడుసార్లు పిలిచాను, పలకలేదు. పెదవులు చప్పరిస్తున్నాడు. వాంతి. 11.24కి నన్ను గుర్తుపట్టాడు. 12.40 దాకా నిద్ర. ఏం జరిగిందో గుర్తులేదంటున్నాడు." ఇలాంటివి పదకొండు. అందులో రెండుసార్లు మధ్యాహ్న భోజనం వండే అక్క ఫోనులో వీడియో కూడా తీసింది. వాంతి గొంతుకి అడ్డం పడకుండా వాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టిందీ ఆ అక్కే. "లెక్కల పీరియడ్ కాదు" అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక మీ సంగతి. మీలో ఒక నర్సు చెల్లి, పేరు రాయొద్దంది, "అక్కా, నొప్పి తర్వాత ఆ నిద్రేంటి? పిల్లల న్యూరాలజిస్టుకి చూపించు" అంది. కడుపునొప్పికి నరాల డాక్టరేంటని మా ఆయన కొట్టిపారేశాడు. ఆ చెల్లి వదల్లేదు. విశాఖలో అపాయింటుమెంటు తనే తీసుకుంది.

డాక్టరుగారు వీడియోలు చూశారు, రూళ్ళ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివారు. "ఇది రాసిందెవరమ్మా?" అని అడిగారు. అబ్డామినల్ ఎపిలెప్సీ అయి ఉండొచ్చన్నారు. కడుపు ఎపిలెప్సీ అన్నమాట. నొప్పి కడుపులో తెలుస్తుంది, మూలం మెదడులో ఉంటుంది. మూర్ఛ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమేనని నేననుకున్నాను. అలా కాకుండానూ వస్తుందట. చాలా అరుదు, మిగతా కారణాలు ఏవీ కావని తేలాకే ఈ మాట అనాలి అన్నారు. కాబట్టి ముందు చూసినవాళ్ళందరినీ తిట్టుకోవడం న్యాయం కాదు. ఆ అపెండిక్స్ వాళ్ళని మాత్రం ఇంకా క్షమించలేదు.

ఈఈజీ, అంటే తలకి వైర్లు అంటించి మెదడు పనితీరుని గీతల్లో చూసే పరీక్ష, తీయాలంటే పిల్లాడు రాత్రి పన్నెండు నుంచి మేలుకునే ఉండాలన్నారు, అక్కడికొచ్చాక నిద్రపోవాలి. తలకి నూనె ఉండకూడదు. మా ఆయన నాలుగింటిదాకా వాడితో క్యారమ్స్ ఆడి ఓడిపోతూ కూర్చున్నాడు. తెల్లవారుజాము బండి ఎక్కాక అసలు కష్టం మొదలైంది. రైలు ఊపుకి పెద్దవాళ్ళకే కళ్ళు మూసుకుపోతాయి. స్టేషన్ బోర్డులు చదివించాను. నౌపడ, కోటబొమ్మాళి, తిలారు. తిలారు దగ్గర వాడి తల వాలిపోయింది. ఎదురుగా కూర్చున్న ఒక తాతగారు సంగతి తెలుసుకుని, "ఒరేయ్ మనవడా, అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు, ఏంటివి?" అని పొడుపు కథ వేశారు. వీడు అమ్మ, నాన్న, అమ్మ, నాన్న అని గొణుక్కుంటూ శ్రీకాకుళం రోడ్డు దాకా వచ్చి "పెదవులు!" అని అరిచాడు. పెట్టంతా చప్పట్లు కొట్టింది. విజయనగరంలో దిగాల్సిన పూలమ్మే అక్కలు అక్కడిదాకా వంతులేసుకుని వాడిని కబుర్లలో పెట్టారు. వాళ్ళెవరో, ఏ ఊరో నాకు తెలియదు. వాళ్ళలో ఒక్కరికైనా ఈ రాత చేరితే చాలు.

పరీక్ష చేసిన టెక్నీషియన్ తమ్ముడు తలంతా వైర్లు అంటిస్తూ, "హీరోకి జడ వేస్తున్నాం" అని వాడిని నవ్వించాడు. కాగితం గాలిపంకా ఇచ్చి గట్టిగా ఊదించాడు. తర్వాత వాడు నిద్రపోయాడు. ఆ నిద్రలోనే గీతల్లో తేడా దొరికింది. ఎమ్మారైలో ఏమీ లేదు, దేవుడి దయ.

ఆక్స్‌కార్బజెపిన్ అనే మూర్ఛ మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదటి వారంలో ఒకసారి చిన్నగా నొప్పి వచ్చింది, అదే చివరిది. మొదట్లో మత్తుగా ఉండేవాడు, ఇప్పుడు అల్లరికి లోటు లేదు. మధ్యలో రక్తంలో సోడియం చూపించుకుంటున్నాం. తగ్గింది కదా అని మందు మానేయొద్దని, రెండేళ్ళు నొప్పి లేకుండా గడిస్తే అప్పుడు ఆలోచిద్దామని చెప్పారు. మా అత్తగారు ఇప్పుడు పూజకి కూర్చునే ముందు మాత్ర వేశారా అని అడుగుతున్నారు.

మీరు పంపినవి మొత్తం 18,500 రూపాయలు. పరీక్షలకి, ప్రయాణాలకి పోను 2,300 మిగిలాయి. వెనక్కి పంపుతానంటే ఎవరూ తీసుకోలేదు. టీచరమ్మని అడిగి బడికి రెండు చాపలు, దిండ్లు, ఒక గోడ గడియారం కొన్నాం. దయచేసి ఇంక డబ్బు పంపొద్దు. మీ పిల్లలకీ ఇదేనేమో అని అడుగుతున్న తల్లులకి ఒక మాట. కడుపునొప్పి అంతా ఇది కాదు, ఎక్కువసార్లు ఇది కాదు. నేను మందు పేరు రాశానని ఎవరూ కొని వేయకండి. రాసి పెట్టుకోండి, వీడియో తీయండి, డాక్టరుకి చూపించండి.

మొన్న ఆదివారం వాడు కడుపు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. నా చేతిలో గిన్నె జారిపోయింది. పరిగెత్తి గడ్డం పట్టుకుని పేరు పెట్టి పిలిచాను. వాడు నన్ను సూటిగా చూశాడు. "ఇది ఆ నొప్పి కాదమ్మా. తోటలో జీడిమామిడి పళ్ళు తిన్నాను, ఆరు. కొట్టకు."