ఫోన్ లేని పిల్లలకూ వినపడే హెచ్చరిక కావాలి

మానవ వనరుల అభివృద్ధి, ఐటీ శాఖల మంత్రివర్యులు శ్రీ నారా లోకేశ్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా అబ్బాయి ఊరి శివార్లలో ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీకి ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు ఆ సంగతి పిల్లలకు ఎవరు చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అన్నది ముందే ఖాయం చేసిపెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. విద్య, ఐటీ, రియల్ టైమ్ గవర్నెన్స్ మూడూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచేసింది. ఆ పేటల పిల్లలు మా కాలేజీలో చాలామందే ఉన్నారు. తర్వాత క్లాసుకు వచ్చినప్పుడు అడిగితే, ముందుగా తెలిసిందన్నవాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లు గడప దాటాకే తెలిసిందన్నారు అందరూ. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత ప్రవాహం అక్కడ ఎన్నడూ నమోదు కాలేదు. అయితే కృష్ణ సంగతి వేరు. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. నది ఒడ్డునున్న కృష్ణలంక, రాణిగారితోట వాళ్లకు ఈ అంకెలు గుర్తుండకపోవచ్చు గానీ, 'రెండో హెచ్చరిక' అన్న మాట చెవిన పడగానే ఏం సర్దుకోవాలో, ఎటు వెళ్లాలో తెలుసు. ఏళ్ల తరబడి ఒకే మాటను ఒకే అర్థంతో వింటూ వచ్చారు కాబట్టే అది సాధ్యమైంది. బుడమేరు పక్కన ఉన్నవాళ్లకు అలాంటి మాట ఒక్కటీ అలవాటు లేదు. మా కాలేజీల్లో చదివేవాళ్లకూ లేదు.

ఇప్పుడు మాకున్నది వాట్సాప్. ప్రిన్సిపాల్ గారు హెచ్ఓడీలకు (విభాగాధిపతులకు) పంపితే, వాళ్లు మెంటార్లకు, మెంటార్లు సీఆర్‌కు (క్లాసు ప్రతినిధికి), సీఆర్ క్లాసు గ్రూపులోకి. మధ్యలో ఎవరు నిద్రపోతున్నా, ఎవరి ఫోన్ చార్జింగులో ఉన్నా కబురు అక్కడే ఆగిపోతుంది. తుపాను వచ్చిన ప్రతిసారీ కలెక్టర్ గారి సర్క్యులర్ కంటే ముందు దొంగ సర్క్యులర్ తిరుగుతుంది. ఏది నిజమో తేల్చుకోవడానికి పిల్లలు మాకు ఫోన్ చేస్తారు, మేం ఆఫీసుకు చేస్తాం.

హాస్టళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు, ఉండనివ్వరు. చదువు కోసం పెట్టిన ఆ నిబంధనను నేను తప్పుపట్టను. కానీ యాప్ పెట్టాం, ఎస్ఎంఎస్ పంపుతున్నాం అని చెప్పే ఏ ఏర్పాటయినా నిడమానూరు నుంచి గొల్లపూడి దాకా అంతస్తుల మీద అంతస్తులుగా ఉన్న హాస్టళ్ల పిల్లలకు అక్కరకు రాదు. అందరికంటే చిన్నవాళ్లు, తలుపులు తాళం వేసుండే చోట పడుకునేవాళ్లు వాళ్లే.

మావాడి హాస్టల్లో ఒక రాత్రి కింది అంతస్తులో మెయిన్ బోర్డు దగ్గర వైర్లు కాలి పొగ వచ్చింది. వార్డెన్ ఏఓకు (పరిపాలనాధికారికి) ఫోన్ చేశాడు. ఏఓ, డీన్ గారిని అడిగి చెబుతానన్నాడు. కరెంటు తీసేయడంతో బెల్లు మోగలేదు. మెట్ల దగ్గర ఇనుప గ్రిల్ గేటుకు తాళం, తాళంచెవి ఆఫీసు గదిలో. పైన మూడు అంతస్తుల్లో పిల్లలు నిద్రలో ఉన్నారు. చివరికి వాచ్‌మన్ మెస్సులోంచి ఒక పళ్లెం, గరిటె తెచ్చి గ్రిల్ దగ్గర నిలబడి వాయించాడట. పిల్లలు లేచి కిందికి వస్తే గేటు దగ్గర తోపులాట. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. తల్లిదండ్రులకు మాత్రం కబురు లేదు. ఆదివారం అవుటింగుకు వచ్చినప్పుడు మావాడు చెబితేనే మాకు తెలిసింది. ఎవరి అనుమతీ అడగకుండా చేయాల్సిన పని చేసింది ఆ వాచ్‌మన్ ఒక్కడే. ఆ అధికారం అతనికి రాతపూర్వకంగా ఉండాలని నా మొదటి విన్నపం. పొగ కనపడితే, నీళ్లు కనపడితే, ఆ క్షణాన డ్యూటీలో ఉన్న మనిషి గంట కొట్టాలి. అడగడాలు, చెప్పడాలు తర్వాత. పొరపాటున కొట్టినా అతని ఉద్యోగానికి ఢోకా ఉండకూడదు.

సైరన్ కొని బిగించినంత మాత్రాన సరిపోదని మన రాష్ట్రమే చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకైనప్పుడు అక్కడ సైరన్ ఉంది. మోగించినవాళ్లు లేరు. 12 మంది చనిపోయారు.

గంట కొట్టాక పిల్లలు ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. నిప్పయితే కిందికి దిగి బయటకు రావాలి. వరదయితే పైఅంతస్తుకు ఎక్కాలి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిని చల్లబరచడానికి వాడే అమోనియా లీకైతే, బయటకు పరిగెత్తిన పిల్లలు నేరుగా గాలివాటున పోయే గ్యాసులోకే వెళ్తారు. అప్పుడు లోపలే ఉండి, కిటికీలు మూసి, తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోవాలి. ఒకే గంట ఈ మూడూ చెప్పలేదు. కాబట్టి గంటతోపాటు మాట వినపడాలి. ప్రతి అంతస్తు వరండాలో ఒక స్పీకరు, కరెంటు పోయినా పనిచేసేలా బ్యాటరీ, తెలుగులో రెండే రెండు వాక్యాలు: ఏం జరిగింది, ఎటు వెళ్లాలి. చెవులు వినపడని పిల్లలు ఉన్నచోట వెలిగి ఆరే ఎర్రలైటు కూడా పెట్టాలి. ఒక హాస్టల్ ఏడాది ఫీజుల్లో ఇది ఏ మూలకు?

ఫోన్లున్న పెద్ద పిల్లలకు, తల్లిదండ్రులకు పంపే సందేశాల్లోనూ ఒక చిక్కుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఒకేసారి చాలామందికి బల్క్ ఎస్ఎంఎస్ పంపాలంటే ఆ వాక్యం ముందే డీఎల్‌టీ అనే టెలికం కంపెనీల రిజిస్టరులో టెంప్లేటుగా (నమూనా వాక్యంగా) నమోదై ఉండాలి. నమోదు కాని మాట వెళ్లదు. ఫీజు గుర్తుచేసే టెంప్లేటు అన్ని కాలేజీలకూ ఉంటుంది. 'హాస్టల్ ఖాళీ చేయండి' అన్న టెంప్లేటు ఎన్నింటికి ఉందో ఒక్కసారి మీ అధికారులతో అడిగించండి. పైగా తెలుగు ఎస్ఎంఎస్ ఒకదాంట్లో పట్టేది 70 క్యారెక్టర్లే. గుణింతాలు, ఒత్తులు కలుపుకొని. ప్రాణాపాయం ముందు పెట్టుకుని కూర్చుని రాసే వాక్యం కాదది. ఉన్నత విద్యామండలి, ఇంటర్ బోర్డు కలిసి పది వాక్యాలు తెలుగులో, ఇంగ్లిషులో సిద్ధం చేసి అన్ని కాలేజీలకూ ఇస్తే చాలు. ప్రమాదం తప్పిపోయిందని చెప్పే వాక్యం కూడా అందులో ఉండాలి. దాని కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల బాధ మాటల్లో చెప్పలేను.

నంబర్ల జాబితాతో పనిలేని దారి కూడా ఇప్పుడు మన దగ్గర ఉంది. 2023లో కేంద్ర టెలికం శాఖ పరీక్షగా పంపిన హెచ్చరికతో ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగడం మనకు గుర్తే. సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటే అదే. ఎంచుకున్న టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకు నేరుగా చేరుతుంది, ఎస్ఎంఎస్‌లా రద్దీలో ఇరుక్కోదు. కుంచనపల్లిలోని విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఒక కాలేజీ ప్రాంతానికి మాత్రమే హెచ్చరిక పంపేందుకు ఆ కాలేజీల హద్దులు మ్యాపులో ముందే గుర్తించి పెట్టుకోవాలి. ఇంటర్ హాల్ టికెట్లు ఇచ్చిన ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' ద్వారానే హాస్టల్ పిల్లల తల్లిదండ్రులకు క్షేమ సమాచారం కూడా పంపవచ్చు.

అమెరికా కాలేజీలు ఈ పాఠం ఎంత ఖరీదుకు నేర్చుకున్నాయో చెప్పి ముగిస్తాను. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఉదయం ఏడుంబావు ప్రాంతంలో తొలి కాల్పులు జరిగాయి. క్యాంపస్‌కు మొదటి ఈమెయిల్ వెళ్లేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. కొద్ది నిమిషాలకే రెండో భవనంలో కాల్పులు మొదలయ్యాయి. కాల్పులు జరిపినవాడు మొత్తం 32 మందిని పొట్టనపెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే చట్టం సవరించి, ప్రమాదం నిర్ధారణ కాగానే ఆలస్యం లేకుండా హెచ్చరించాలని, ఏటా ఒకసారైనా ఆ ఏర్పాటును పరీక్షించాలని కాలేజీలను ఆదేశించారు.

మన దగ్గర ఎన్టీఆర్, గుంటూరు జిల్లాలతో మొదలుపెట్టండి. వచ్చే వానాకాలానికి ముందే, హాస్టల్ ఉన్న ప్రతి కాలేజీలో ఒకసారి రాత్రిపూట, ఒకసారి కరెంటు తీసేసి మాక్ డ్రిల్ చేయించండి. గంట మోగిన దగ్గర్నుంచి చివరి విద్యార్థి బయటకు వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. అడ్మిషన్ల రోజుల్లో ర్యాంకుల ఫ్లెక్సీల పక్కన ఆ అంకె కూడా చూసి కాలేజీ ఎంచుకునే అవకాశం మాకివ్వండి. అది లేని హాస్టల్‌కు అనుబంధ గుర్తింపు ఇవ్వవద్దని జీవో తెప్పించండి.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు, ఒక విద్యార్థి తల్లి
విజయవాడ