సెల్లార్లు తెరిపించాకే నో పార్కింగ్ బోర్డులు పెట్టండి

సంపాదకులకు,

నమస్కారం. నగరపాలక సంస్థ అజెండాలో పార్కింగ్ ఆంక్షలు ఒకచోట, కమ్యూనిటీ హాళ్లకు నిధులు ఇంకోచోట ఉంటాయి. మొదటిది ట్రాఫిక్ గొడవ, రెండోది సంక్షేమం అన్నట్టు వేర్వేరుగా మాట్లాడతారు. మా గుంటూరు బ్రాడీపేటలో మాత్రం రెండూ ఒకే రోడ్డు మీదికి వస్తాయి. హాలుకు తాళం ఉంటుంది కాబట్టి పెద్దకర్మకైనా, సీమంతానికైనా రోడ్డుకు అడ్డంగా షామియానా వేస్తారు. ఆ లైనులో, అంటే ఆ వీధిలో, ఆగాల్సిన బండ్లన్నీ పక్క లైనుకు చేరతాయి. అక్కడ నో పార్కింగ్ బోర్డు ఉంటే చలానా పడుతుంది. ఎవరి తప్పుకు ఎవరు డబ్బు కడుతున్నారో ఆలోచించండి.

గుంటూరు తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఇక్కడ అడ్రసు 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అరండల్‌పేట కూడా లైన్ల లెక్కే. జట్కాలు, రిక్షాలు తిరిగే రోజుల్లో వేసిన రోడ్లివి. పెంకుటిళ్లు, మేడలు పోయి అపార్ట్‌మెంట్లు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు వచ్చాయి కానీ రోడ్డు వెడల్పు పెరగలేదు. శంకర్ విలాస్ వంతెన పనులు మొదలయ్యాక మూడు వంతెనల వైపు, కంకరగుంట వైపు మళ్లిన ట్రాఫిక్ భారం కూడా ఈ లైన్ల మీదే పడింది.

నో పార్కింగ్ అసలే వద్దని నేను అనను. ఆసుపత్రులు ఉండే కొత్తపేటలో ఆంబులెన్సు హారన్ కొడుతూ నిలబడిపోతే చూస్తూ ఊరుకోలేం. ఫైరింజన్ తిరగలేని సందులు ఎన్నో ఉన్నాయి. నా అభ్యంతరం వరస మీద. ముందు బండి పెట్టుకోవడానికి చోటు చూపించి, ఆ తర్వాత పెట్టొద్దని చెప్పాలి. మన దగ్గర ముందు బోర్డు వస్తుంది, చోటు సంగతి తర్వాత చూద్దాం అంటారు.

చోటు లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కొత్తపేటలోనో, అరండల్‌పేటలోనో ఏదైనా నాలుగంతస్తుల భవనం ముందు నిలబడి కిందికి చూడండి. ప్లానులో సెల్లార్ అంటే పార్కింగ్. కళ్లెదుట కనిపించేది ల్యాబ్, మందుల షాపు, స్కానింగ్ గది, క్యాంటీన్, లేదా పాత మంచాలు పడేసిన గోడౌన్. అన్ని భవనాలూ ఇలాగే ఉన్నాయని అనను. సెల్లార్ ఖాళీగా ఉంచి వాచ్‌మన్‌ను పెట్టినవాళ్లూ ఉన్నారు. కానీ చాలాచోట్ల వాహనాలు ఉండాల్సిన చోట వ్యాపారం ఉంది, వాహనాలు రోడ్డు మీద ఉన్నాయి.

ఇది అధికారుల కంటపడకుండా జరిగే పని కాదు. భవన నిర్మాణానికి అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డర్ దగ్గర 10 శాతం కట్టడాన్ని తనఖా పెట్టించుకునే నిబంధన మన రాష్ట్రంలో ఉంది. ప్లాను ప్రకారం కట్టాడని తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. చిక్కంతా ఆ సర్టిఫికెట్ చేతికొచ్చిన తర్వాతే. సెల్లార్‌లో ఒక్కో గోడా లేస్తుంది, ర్యాంపు మెట్లవుతుంది, షట్టర్ పడుతుంది. 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీలు ఉన్నారు. తమ పరిధిలో ఏ సెల్లార్ ఎలా వాడుతున్నారో వాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈలోగా చలానా కట్టేది ఎవరు? పల్నాడు పల్లె నుంచి తండ్రిని బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి వచ్చిన కుర్రాడు. అతనికి ఏ లైనులో ఏ వైపు బండి ఆపాలో తెలియదు. డాక్టరు పిలుస్తారని టెన్షన్‌లో లోపలికి పరిగెత్తుతాడు. బయటికొచ్చేసరికి బండి ఉండదు. స్టేషన్ ఎక్కడో కనుక్కుని, చలానాతో పాటు టోయింగ్ ఖర్చు కూడా కట్టి తెచ్చుకోవాలి. సెల్లార్‌ను అద్దెకిచ్చుకున్న యజమానికి మాత్రం నెలనెలా అద్దె వస్తూనే ఉంటుంది.

చోటు చూపించే దారి చట్టంలో కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ, ఎంతసేపు నిలపవచ్చో రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలు ఉన్నాయి. వీధి దీపాలు, బస్టాపులతో పాటు పార్కింగ్ స్థలాలను కూడా పేరు పెట్టి రాశారు. అంటే ఇది ట్రాఫిక్ పోలీసుల మీదికి నెట్టేసి చేతులు దులుపుకునే విషయం కాదు.

మా కాలనీవాళ్లనూ ఒక మాట అనాలి. ఇంటి ముందు రోడ్డును సొంత స్థలం అనుకోవడం మనకు బాగా అలవాటు. పగిలిన పూలకుండీలు, సిమెంటు దిమ్మలు, పాత టైర్లు పెట్టి చోటు ఆపుకుంటాం. డ్రైనేజీ మీదుగా ర్యాంపును రోడ్డు దాకా దించుతాం. గేటుకు “ఇక్కడ బండి పెడితే గాలి తీసేస్తాం” అని బోర్డు వేలాడదీస్తాం. గేటుకు అడ్డం పెట్టొద్దనడం న్యాయమే. గేటుకు అటు పదడుగులు, ఇటు పదడుగులు కూడా మనవే అంటే ఎలా? ఆంక్షలు పెడితే వీటి నుంచే మొదలుపెట్టాలి. తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముకునే ఆవిడను తరమడంతో కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. రోడ్డు ఖాళీ చేయించే ముందు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే దారి ఉందన్నమాట.

ఇక హాళ్ల సంగతి. ప్రతి డివిజన్‌లోనూ కమ్యూనిటీ హాలు కావాలని అడుగుతారు, శంకుస్థాపనలూ జరుగుతాయి. రిబ్బన్ కత్తిరించిన తర్వాత తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అద్దె ఎంతో, ఎవరిని అడగాలో ఆ వీధిలో ఉండేవాళ్లకే తెలియదు. కొన్ని ఎన్నికల సామాన్లకు గోడౌన్లు. కొన్నింటి తాళం ఏదో ఒక సంఘం పెద్దమనిషి జేబులో ఉంటుంది, ఆయన ఊళ్లో లేకపోతే మన ముహూర్తం మార్చుకోవాలి. ఇంకొన్నింటికి కరెంటు కనెక్షన్ కూడా ఉండదు. ఉన్నవి వాడకుండా కొత్త వాటికి డబ్బు ఇవ్వడం నాకైతే దండగ ఖర్చు అనిపిస్తుంది. మైకు ముందు చెప్పుకోవడానికి పాత హాలు మరమ్మతు కన్నా కొత్త హాలు బాగుంటుంది, అసలు కారణం అదేనని నా అనుమానం.

హాలు తెరిస్తే చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో గ్రూప్స్‌కూ, బ్యాంకు పరీక్షలకూ చదివే పిల్లలు నెలనెలా డబ్బు కట్టి ప్రైవేటు రీడింగ్ రూముల్లో కూర్చుంటున్నారు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా మనం కడుతున్నాం. ఫంక్షన్ లేని రోజుల్లో ఆ హాలులోనే ఫ్యాన్లు, లైట్లు, నాలుగు బల్లలు వేసి చదువుకోనివ్వొచ్చు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల మహిళలు నెలవారీ సమావేశాలకు ఎవరో ఒకరి వరండా వెతుక్కోనక్కర్లేదు. శుభకార్యాలకు నామమాత్రపు అద్దెకు ఇస్తే రోడ్డు మీద షామియానాలూ తగ్గుతాయి. సంఘాలకు సాయం చేయదలిస్తే, ఒక కులం పేరుతోనో ఒక నాయకుడి పేరుతోనో కాకుండా, హాలును రోజూ తెరిచి లెక్కలు గోడకు అంటించే షరతు మీద నిర్వహణ ఖర్చు ఇవ్వండి.

ఇవన్నీ ఎవరు తేల్చాలి? గుంటూరుకు 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. పదేళ్లకు పైగా అధికారులే నడిపారు. 2021 మార్చిలో 57 డివిజన్లకు ఎన్నికలు జరిగాక పరిస్థితి మారుతుందనుకున్నాం. తీర్మానాలు మాత్రం ఇప్పటికీ పేపర్లో చూశాకే తెలుస్తున్నాయి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం 1993 నుంచీ చెబుతోంది. వార్డు సచివాలయం ఉంది కదా అంటారు కొందరు. అది ఉద్యోగులు కూర్చునే ఆఫీసు. వీధి జనం కూర్చుని అవును, కాదు అని చెప్పే కమిటీ వేరు.

అందుకే నేను అడిగేది ఇది. కొత్త నో పార్కింగ్ తీర్మానం గానీ, కొత్త హాలుకు నిధులు గానీ మంజూరు చేసే ముందు ప్రతి డివిజన్‌లో రెండు జాబితాలు సచివాలయం గోడకు అంటించండి. ఒకటి ప్లానులో పార్కింగ్‌గా చూపించిన సెల్లార్లది, ఇప్పుడు అక్కడ ఏముందో పక్కనే రాసి. రెండోది ప్రజల డబ్బుతో కట్టిన హాళ్లది, తాళం ఎవరి దగ్గర ఉందో రాసి. అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువు ఇచ్చి, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కూడా రాగలిగేలా ఆదివారం పొద్దున మీటింగ్ పెట్టండి. సెల్లార్లు ఖాళీ చేయించాక కూడా చోటు చాలకపోతే ఏ లైనులో ఏ వైపు బండ్లు ఆపొద్దో ఆ మీటింగ్‌లోనే తేల్చుకుందాం.

ఇట్లు,
ఇంటిపన్ను కట్టే ఒక పౌరుడు,
బ్రాడీపేట, గుంటూరు