గ్రిసమ్ ఒక్క కాల్పు కూడా జరపలేదు

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో సినిమాల్లోనూ టీవీ ధారావాహికల్లోనూ కనిపించే నక్షత్ర నౌకల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. తెలుగు పత్రిక ఈ విషయానికి ఇంత చోటు ఇచ్చినందుకు సంతోషంగా చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ‘సైనిక నిఘా నౌకల సేవా చరిత్ర’ అన్న పట్టిక దగ్గర ఆగిపోయాను. అందులో ఒక వరుస ఇది: ‘గ్రిసమ్. స్టార్‌ఫ్లీట్ సైనిక నిఘా నౌక. సిబ్బంది 80. క్లింగాన్ యుద్ధనౌకతో భీకరంగా పోరాడి ధ్వంసమైంది.’ స్టార్‌ఫ్లీట్ అంటే స్టార్ ట్రెక్ కథల్లోని అంతరిక్ష దళం, క్లింగాన్లు ఆ కథల్లోని శత్రు జాతి. ఆ వరుసలోని నాలుగు ముక్కల్లో పేరు ఒక్కటే సరైనది. పదో తరగతి చదువుతున్న మా మనవరాలు ఆ పట్టికను కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంది. “తాతయ్యా, గ్రిసమ్ ఎన్నిసార్లు కాల్చింది?” అని అడిగింది. ఆ ప్రశ్న వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నౌకాదళంలో పదిహేనేళ్లు రేడియో ఆపరేటర్‌గా పనిచేశాను, ఎక్కువ కాలం చిన్న ఓడల మీదే. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, విన్నదాన్ని విన్నట్టు, వేళతో సహా లాగ్‌బుక్కులో ఎక్కించడం నా పని. సగం మాట వినబడితే సగమే రాయాలి. మిగతా సగం ఏమై ఉంటుందో నాకు నూటికి నూరుపాళ్లు తెలిసినా సరే, రాయకూడదు. తప్పు పడితే రబ్బరు వాడకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టి, కింది అక్షరాలు కనబడేటట్టు ఉంచి, పక్కన సరైనది రాసి పొడి అక్షరాలు పెట్టాలి. ఓడ చరిత్ర అంటే నా మనసులో మెదిలేది ఆ పుస్తకమే. కల్పిత నౌకకూ ఒక లాగ్‌బుక్కు ఉంది. తెర మీద కనబడినదీ వినబడినదీ ఆ లాగ్‌బుక్కు. తక్కినదంతా ఎవరో చెప్పగా ఎవరో విన్న మాట.

గ్రిసమ్ కనిపించేది 1984లో వచ్చిన స్టార్ ట్రెక్ మూడో చిత్రంలో. అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్‌లో, మా క్వార్టర్స్‌లో నాలుగు కుటుంబాలం కలిసి దాన్ని మొదటిసారి చూశాం. మొన్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం, పెన్ను పట్టుకుని మళ్లీ చూశాను. జెనిసిస్ అనే కొత్త గ్రహం ఎలా ఉందో కొలిచి రావడానికి వెళ్లిన పరిశోధక నౌక అది. కెప్టెన్ ఎస్టెబాన్ ప్రతి అడుగూ నిబంధనల ప్రకారమే వేసే మనిషి. చాలామంది ఆయనను పిరికివాడని ఎగతాళి చేస్తారు, నేను ఒప్పుకోను. చూసినదాన్ని పై అధికారులకు తెలియజేయడమే ఆ నౌక ఉద్యోగం. గ్రహం మీద ప్రాణి జాడ కనబడినప్పుడు సావిక్, డేవిడ్ అనే ఇద్దరు కిందికి దిగి చూస్తామంటే ఆయనే అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతి వల్లే ఆ ఇద్దరూ ఆ క్షణానికి బతికారు.

ఆ తరువాత జరిగింది గుర్తుచేసుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. కనబడకుండా దాక్కుని వచ్చిన క్లింగాన్ నౌక గ్రిసమ్ వెనుక ఒక్కసారిగా ప్రత్యక్షమైంది. ఎస్టెబాన్ రేడియోలో సావిక్‌ను పిలిచి, మా మీద దాడి జరుగుతోందని చెప్పడం మొదలుపెట్టాడు. వాక్యం మధ్యలో గొంతు ఆగిపోయింది. ఒకే ఒక్క దెబ్బ. కింద గ్రహం మీద సావిక్ చేతిలోని పరికరంలో ఇక ఏ శబ్దమూ లేదు. క్లింగాన్ నాయకుడు క్రూగ్ కూడా ఆ నౌకను పేల్చమని చెప్పలేదు. అతనికి ఖైదీలు కావాలి. నౌకను కదలకుండా చేయమంటే పూర్తిగా నాశనం చేసినందుకు తన గన్నర్‌ను అక్కడికక్కడే చంపేశాడు. ఇందులో భీకర పోరాటం ఎక్కడుంది? గ్రిసమ్ ఒక్క కాల్పు కూడా జరపలేదు. జరపడానికి వ్యవధే లేదు. పోరాడి పోయిందని రాస్తే గౌరవం ఇచ్చినట్టని మీ రచయిత అనుకుని ఉండవచ్చు. ఆ ఓడ మీద అసలు జరిగిన ఒకే ఒక్క విషయం, ఆఖరి క్షణంలో కెప్టెన్ కింద ఉన్న తన మనుషులను పిలవడం, ఆ పోరాటం కింద పడి కనబడకుండా పోయింది.

ఇక 80 మంది సిబ్బంది అన్న అంకె. అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకున్నాను. గ్రిసమ్ కోసం చేసిన నమూనానే తరువాత టీవీ ధారావాహికలో పేరు మార్చి ఎన్నో నౌకలుగా చూపించారు. వాటన్నిటినీ కలిపి ఓబెర్త్ శ్రేణి అంటారు, రాకెట్ శాస్త్రానికి పునాది వేసిన హెర్మన్ ఓబెర్త్ పేరు మీద. 1987లో ప్రసారమైన ఒక భాగంలో అదే నమూనా త్సియోల్కోవ్‌స్కీ నౌక అయింది. కూలిపోతున్న ఒక నక్షత్రాన్ని దగ్గరగా గమనిస్తున్న ఆ నౌకలో 80 మంది ఉన్నారు. మత్తులాంటి ఒక జబ్బు సోకి, కొందరు తమ చేతులతోనే తలుపు పేల్చుకుని, కొందరు చలికి గడ్డకట్టి, అందరూ చనిపోయారు. మీరు గ్రిసమ్‌కు రాసిన 80 మంది వీళ్లు. ఒక ఓడ మృతులను మరో ఓడ ఖాతాలో వేశారు. అచ్చుతప్పులో ఇంతకన్నా పెద్దది నాకు తోచడం లేదు.

త్సియోల్కోవ్‌స్కీ ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొక మాట. ఆ నౌకలోని ఫలకం మీద, దాన్ని నిర్మించిన చోటు సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ అని ఉంది. నాలుగేళ్లకు, 1991లో, ఆ దేశమే లేకుండా పోయింది. ఫలకం మాత్రం అలాగే ఉంది. దాన్ని తప్పని కొట్టేసేవాళ్లున్నారు. నాకైతే ఆ ఫలకమంటే చాలా ఇష్టం. మా విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనశాలగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి కూడా సోవియట్ దేశంలో కట్టినదే. 1969లో మన దళంలో చేరి 2001లో సేవ విరమించింది. కట్టిన దేశం పోయాక కూడా పదేళ్లు సముద్రంలో తిరిగింది. నౌక పుట్టిన రోజున ఉన్నది ఉన్నట్టు రాసి ఉంచడమే ఫలకం పని.

ఆ ఓబెర్త్ శ్రేణిలోనే పెగాసస్ అనే నౌక కథ మీ పట్టికలో ఒక్క ముక్కలో ముగిసింది: ‘ఇంజను పేలి నాశనమైంది.’ ఆ వాక్యం ఆ కథలోని అబద్ధం! 1994లో ప్రసారమైన ఆ భాగం సారమంతా అదే. రోములన్‌లు అనే మరో జాతితో చేసుకున్న ఒప్పందం ప్రకారం, నౌకను కనబడకుండా చేసే పరికరాన్ని స్టార్‌ఫ్లీట్ తయారు చేయకూడదు. పెగాసస్ కెప్టెన్ ప్రెస్‌మన్ రహస్యంగా దాన్నే పరీక్షించాడు. సిబ్బంది తిరగబడ్డారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు రైకర్ కెప్టెన్ పక్షాన నిలబడ్డాడు. వాళ్లు కొద్దిమంది బయటపడ్డారు, తక్కినవాళ్లు నౌకతో పోయారు. నౌక పేలిపోయిందని రికార్డులో రాసి మూసేశారు. పన్నెండేళ్లకు అది ఒక గ్రహశకలం లోపల, సగం రాతిలో కూరుకుపోయి దొరికింది. రైకర్ ఆ పన్నెండేళ్లూ నోరు మూసుకుని మోసిన బరువు నాకు అర్థమవుతుంది. సంతకం చేసిన కాగితానికి వ్యతిరేకంగా మాట్లాడటం యూనిఫారంలో ఉన్నవాడికి ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. అలాంటి కథలో మూసేసిన ఫైలులోని మాటనే మీరు మళ్లీ చరిత్ర అని అచ్చువేశారు.

అదే శ్రేణికి చెందిన, 1992లో ప్రసారమైన భాగంలోని వీకో నౌక మీ పట్టికలో లేనే లేదు. అందులో మిగిలింది తిమోతి అనే ఒక్క పిల్లవాడు. తన చేయి పొరపాటున కంప్యూటర్‌కు తగలడం వల్లే అందరూ చచ్చిపోయారని వాడు నమ్ముతాడు. నిజానికి రక్షణ కవచానికి శక్తి పెంచిన కొద్దీ నౌక మీద దెబ్బ కూడా పెరిగింది. ఆ పిల్లవాడి తప్పు ఏమీ లేదు. ఆ సంగతి వాడికి చెప్పగలిగేది నిజమైన సేవా చరిత్ర ఒక్కటే.

గ్రిసమ్ అన్న పేరు గురించి మీ వ్యాసం ఒక్క మాట కూడా రాయలేదు. వర్జిల్ గ్రిసమ్ అమెరికా తొలి వ్యోమగాముల్లో ఒకడు. 1961 జులై 21న అంతరిక్షం నుంచి ఆయన వచ్చిన లిబర్టీ బెల్ 7 అనే క్యాప్సూల్ సముద్రంలో దిగాక తలుపు దానంతట అదే పేలి తెరుచుకుంది. క్యాప్సూల్ మునిగిపోయింది, ఆయన ఈది బయటపడ్డాడు. భయపడి ఆయనే మీట నొక్కి ఉంటాడని ఎందరో అన్నారు. ఆ మీటను చేత్తో కొడితే చేతికి దెబ్బ తగులుతుంది, మరుసటి ఏడాది మరో వ్యోమగామి షిర్రా కావాలని కొట్టినప్పుడు తగిలింది. గ్రిసమ్ చేతికి ఏ దెబ్బా లేదు. అయినా ఆ అనుమానం ఆయన పేరును వదలలేదు. 1967 జనవరి 27న అపోలో క్యాప్సూల్‌లో భూమి మీద పరీక్ష జరుగుతుండగా మంటలు లేచి, లోపలికి తెరుచుకునే తలుపు తీయడం వీలుకాక, తోటి వ్యోమగాములు వైట్, చాఫీలతో పాటు చనిపోయాడు. లిబర్టీ బెల్‌ను 1999లో సముద్రం అడుగు నుంచి పైకి తీశారు. ఊహతో రాసిన ఒక్క వాక్యం మనిషి వెంట ఎంత దూరం వస్తుందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. ఆయన పేరు పెట్టుకున్న నౌక గురించి కూడా మనం ఊహతోనే రాశాం.

పోయినవారి పేరు నౌకకు పెట్టడం కల్పనలోనే జరిగే పని కాదు. 2020 అక్టోబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరకులు మోసుకెళ్లిన ఒక సిగ్నస్ నౌకకు కల్పనా చావ్లా పేరు పెట్టారు. ఆ ప్రయాణం సంగతులు మనవరాలి పుస్తకంలో ఒక పేజీ నిండా ఉన్నాయి.

మరి ఆ చిత్రంలో అసలైన సైనిక నిఘా నౌక ఏది? గ్రిసమ్‌ను చంపినదే. వేటపక్షి అని పిలిచే ఆ క్లింగాన్ నౌకలో సిబ్బంది డజను మందే. దాన్ని దూరం నుంచి చూసి, కథానాయకుడు కిర్క్ నడిపే ఎంటర్‌ప్రైజ్ నౌక వాళ్లు అది గ్రిసమ్ అయి ఉండవచ్చనుకుంటారు. పిలుస్తారు, జవాబు రాదు. రేడియో గదిలో కూర్చున్నవాడికి జవాబు రాని కాల్ సైన్ (ఓడను రేడియోలో పిలిచే గుర్తు) కన్నా భయంకరమైనది లేదు. ఆ నౌక చివరకు కిర్క్ చేతికి చిక్కింది. 1986 నాటి నాలుగో చిత్రంలో దాని మీద బౌంటీ అని పేరు రాశారు. కాలంలో వెనక్కి వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో దిగి, రెండు తిమింగలాలను నీటితో సహా మోసుకొచ్చి సముద్రంలో కూలింది. 2023 నాటి పికార్డ్ ధారావాహికలో అది నౌకల ప్రదర్శనశాలలో నిలబడి కనిపిస్తుంది. చంపిన ఓడకు ఇంత చరిత్ర ఉంది. చనిపోయిన ఓడకు ఉన్నది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలనైనా ఉన్నవి ఉన్నట్టు రాయాలని అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం ఈ సవరణ వేయండి: ‘గ్రిసమ్. స్టార్‌ఫ్లీట్ పరిశోధక నౌక. జెనిసిస్ గ్రహాన్ని పరిశీలిస్తుండగా వెనుక నుంచి వచ్చిన క్లింగాన్ నిఘా నౌక ఒక్క దెబ్బకు ధ్వంసమైంది. కెప్టెన్ ఎస్టెబాన్, నౌకలో ఉన్న సిబ్బంది మరణించారు. గ్రహం మీదికి దిగిన ఇద్దరు మిగిలారు. వారిలో డేవిడ్ తరువాత అదే క్లింగాన్ల చేతిలో మరణించాడు.’ మీ పట్టికను ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. అక్కడ పాత వరుసను తీసేయకండి, గీత కొట్టి ఉంచండి. మా ఇంట్లో నోటుపుస్తకంలో ఆ పని నిన్న రాత్రి మనవరాలే చేసింది. స్కేలు పెట్టి ఒక్క గీత గీసి, పక్కన తన పొడి అక్షరాలు పెట్టి, వేళ కూడా రాసింది: 21.40.

— నౌకాదళ విశ్రాంత రేడియో ఆపరేటర్, విశాఖపట్నం