ఏట్లోకి లారీలు దిగొచ్చు, కయాక్ దిగకూడదా?

సంపాదకుల వారికి,

గోదావరిలో ఒంటరిగా కయాక్ మీద, అదే తెడ్డుతో నడిపే చిన్న పడవ మీద, బయలుదేరిన మన విశాఖ కుర్రాణ్ణి దారిలో ఆపి వెనక్కి పంపేసిన వార్త మీ పత్రికలో వచ్చి వారం దాటింది. ఆ అబ్బాయి తరఫున ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తారేమోనని చూశాను. ఈలోగా మీరు వేసిన ఉత్తరాలన్నీ అతన్ని తిట్టినవే. రీల్స్ పిచ్చి అని ఒకరు, కన్నవాళ్ల ఉసురు పోసుకుంటున్నాడని ఇంకొకరు. మీరు కూడా శీర్షికలోనే దుస్సాహసం అని తేల్చేశారు.

మీ వార్తలోనే ఉన్న వివరాలు మళ్లీ చదవండి. లైఫ్ జాకెట్ వేసుకునే ఉన్నాడు. ఫోన్ నీళ్లు చొరని సంచిలో పెట్టుకున్నాడు. వరద పూర్తిగా తగ్గాకే ఏట్లో దిగాడు. పొద్దుగూకేలోపు ఒడ్డెక్కి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాడికి బాధ్యత లేదంటే ఎలా ఒప్పుకోవాలి? మా నాన్న జాలరిపేట నుంచి ఒక్కడే తెప్ప మీద వేటకి వెళ్లేవాడు. గాలి చూసేవాడు, నీటి రంగు చూసేవాడు, బాగోలేదనిపిస్తే ఆ రోజుకి తెప్ప ఒడ్డునే. ఒంటరిగా వెళ్తున్నాడని ఆయన్ని ఎవరూ పిచ్చివాడనలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని ఎవరు మర్చిపోతారు? గోదావరి వరద మీద ఉండగా 77 మందితో వెళ్లింది. దొంగచాటుగా కాదు, టికెట్లు అమ్ముకుని పట్టపగలే వెళ్లింది. చివరికి అక్టోబరు 22న దాన్ని బయటికి లాగడానికి కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం రావలసి వచ్చింది. అప్పట్నించి బోట్ల మీద నిఘా పెరిగింది, మంచిదే. కానీ ఆ ఆలోచనంతా ఇంజను బోట్లు, టూరిస్టుల చుట్టూనే తిరిగింది. చేత్తో తెడ్డు వేసుకుని వెళ్లే మనిషికి ఏ రూలు వర్తిస్తుందని అడిగితే చెప్పే దిక్కు లేదు.

ఇది స్వయంగా తిరిగి చూసి రాస్తున్న మాట. మా మేనల్లుడికీ ఇదే పట్టుదల. గొట్టా బ్యారేజీ దిగువన వంశధారలో దిగి, ఏటివాలుగా కళింగపట్నం దాకా ఒక్కడే వెళ్లాలని. అనుమతి తీసుకునే వెళ్లరా అని నేనే చెప్పి, వాడి వెంట ఆఫీసులు తిరిగాను. ఒక చోట, మాకు సముద్రం వరకే, ఏటి సంగతి ఇరిగేషన్ వాళ్లని అడగండన్నారు. అక్కడికి వెళ్తే పోలీసుల దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నారు. పోలీసులేమో, పైనుంచి కాగితం వస్తే మాకు అభ్యంతరం లేదన్నారు. ఇంకో ఆఫీసులో గుమస్తా అసలు దరఖాస్తే ముట్టుకోలేదు. తీసుకుంటే నంబరు వెయ్యాలి, నంబరు వేస్తే జవాబు ఇవ్వాలి కదండీ అన్నాడు. ఇంత తిరిగాక కుర్రాళ్లు చెప్పకుండా బయలుదేరితే తప్పు ఎవరిదనాలి?

మావాడు కయాక్ ముందు భాగం మీద ఒక కాగితం అతికించుకున్నాడు. చేత్తో గీసిన ఏటి పటం, పైన పాలిథిన్ కవరు. వంతెనలు నీలం ఇంకులో, ఇసుక ర్యాంపులు పసుపులో, రాత్రి ఆగే ఊళ్ల పక్కన తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు. గొట్టా దగ్గర మాత్రం ఎర్ర ఇంకుతో ఒక గీత, దాని పక్కన ప్రశ్నార్థకం. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో వాడికి చెప్పినవాళ్లు లేరు. వాడికి డబ్బు అక్కర్లేదు, వెనకాల రక్షణ బోటూ అక్కర్లేదు. నీళ్లు వదిలే కబురు ముందురోజు చెప్పే ఒక ఫోన్ నంబరు కావాలి, అంతే.

2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లెవరూ సాహసయాత్రకి దిగలేదు. ఫొటోలు దిగుతుంటే లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు మీదికొచ్చాయి. కబురు లేకుండా గేట్లు ఎత్తితే ఒడ్డున ఉన్నవాళ్లకే దిక్కు లేనప్పుడు, ఇసుక తిన్నె మీద గుడారం వేసుకుని పడుకున్నవాడి గతేమిటి? ఎగువ నుంచి వచ్చేవాడికి ఇంకో గండం ఉంది. కయాక్‌లో కూర్చున్నవాడి కళ్లు నీటికి రెండు మూడు అడుగుల ఎత్తులోనే ఉంటాయి. ఆనకట్ట వాడికి సన్నని గీతలా కనిపిస్తుంది, దగ్గరికొస్తే తప్ప తెలియదు. దాని కింద నీరు వెనక్కి తిరిగి సుడి కడుతుంది, అందులో పడితే లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. ఎగువనే ఏ ఒడ్డుకి చేరాలో, పడవ మోసుకుని ఎటు దిగాలో చెప్పే బోర్డు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర కాలువల్లో పడవలు నడవడానికి లాకులు కూడా కట్టించాడు. నీళ్లతో పాటు పడవ సంగతి కూడా ఆలోచించిన ఇంజనీర్లు ఉండేవాళ్లు.

2021 ఆగస్టులో కృష్ణలో చెవిటికల్లు దగ్గర వందకి పైగా ఇసుక లారీలు వరదలో చిక్కుకున్నాయి. అన్ని లారీలు ఏటి మధ్యకి వెళ్లేదాకా ఆపినవాళ్లు లేరు, ఒక్క కయాక్‌ని ఆపడానికి మాత్రం జీపు వచ్చింది. మన శారద, గోస్తనీ నదుల సంగతి చెప్పనే అక్కర్లేదు. బొర్రా దగ్గర కొండల్లో అంత అందంగా కనిపించే గోస్తనిలో తాటిపూడి దాటాక ఏడాదిలో ఎక్కువ రోజులు తెడ్డు మునగదు. మన కుర్రాళ్లు రుషికొండలో అలల మీద నేర్చుకుని, ఏరు కోసం వేరే జిల్లాకి పోవలసి వస్తోంది. పోనీ వెళ్లనివ్వండి. ఏటిని అడుగడుగునా చూసుకుంటూ వెళ్లినవాడికే దాని మీద బెంగ ఉంటుంది. ఆ కుర్రాణ్ణి ఆపేసినవాళ్లలో ఒక్కరైనా, దారిలో నువ్వేం చూశావురా బాబూ అని అడిగారా?

మావాడు సంక్రాంతి వెళ్లాక బయలుదేరాలనుకుంటున్నాడు. గొట్టా గేట్ల సంగతి ఏ నంబరుకి ఫోన్ చేసి అడగాలో, అనుమతి కాగితం ఏ ఆఫీసులో పుచ్చుకుంటారో మీ విలేకరి చేత కనుక్కుని, దయచేసి ఆ వార్త వేసిన పేజీలోనే వెయ్యండి.

- ఒక పాఠకుడు,
చినవాల్తేరు, విశాఖపట్నం